మొత్తం నష్టం

నష్టాన్ని కొలవడం నా ఉద్యోగం.
వరద తీసిన మూడో రోజు, ఎప్పుడూ మూడో రోజే,
పాంటు మోకాళ్ళదాకా మడిచి
నర్సాపురంలో దిగుతాను.
చేతిలో టేపు, చెమ్మ చూసే మిషను,
సంచిలో నాలుగు పేజీల ఫారం.

వెంకటపతిరాజు గారి లేసు గోడౌన్లో
గోడ మీద గోదారి గీసిన గీత
నా నడుముకి రెండు వేళ్ళు పైన.
దాని కింద బేళ్ళు, ఒండ్రు తాగి
చూడిగేదెల్లా ఒరిగిపోయి.
టేబుల్ క్లాతులు, దిండు గలీబులు,
ఎవరో విదేశపు పెళ్ళికూతురి గౌను అంచులు,
పదకొండు వందల కేజీలు.
మిషను గుచ్చితే ముల్లు చివరికంటా పోయింది.

"మొత్తం నష్టం" అని రాశాను.
ఆ రెండు మాటలూ నా చేతికి అలవాటు.
రాస్తే కంపెనీకి సుఖం, యజమానికి సుఖం,
ట్రాక్టరు వాడికి కిరాయి.
ఆ తర్వాత సరుకు ఎక్కడికి పోతుందో
ఫారంలో అడగరు.

నాకు తెలుసు.
ఆ పొద్దున వస్తూ వస్తూ లాకుల దగ్గర ఆగాను.
తలుపులకి అడ్డంపడి ఒక గుట్ట:
థర్మోకోలు, సన్‌మైకా పలకలు, స్పాంజి పరుపు,
పరుపు మీద తాపీగా ఓ కొంగ.
లస్కరు గునపంతో పొడుస్తూ
ఎవర్నో పేరు లేకుండా తిడుతున్నాడు.
గుట్టలోంచి ఊడొచ్చిన సైనుబోర్డు ముక్క మీద
"...లక్ష్మీ ఫర్నిచ..."

నాలుగేళ్ళ కిందట ఆ షాపుని రాసింది నేనే.
మొత్తం నష్టం అనే రాశాను.
అది పోలేదు.
గుర్రపుడెక్క కింద ఎక్కడో కూచుని
మళ్ళీ నీళ్ళెప్పుడొస్తాయా అని చూసింది.
ఈసారి ఊళ్ళో నీరు దిగకుండా
రెండు రోజులు ఆపింది అదేనట.

సంతకం పెట్టబోతుంటే దీవెనమ్మ వచ్చింది.
ముప్ఫయ్యేళ్ళుగా ఆ బేళ్ళలోకి అల్లినామె.
ఒక ముక్క లాగి వాసన చూసి
"ఇది బురదేనండి, కుళ్ళు కాదు.
ఇయ్యాళే ఉతికితే బతుకుద్ది.
రేపైతే మరి తమరు రాసిందే రైటు."

రాజుగారు నన్ను చూశారు.
నేను ఫారాన్ని చూశాను.
హైదరాబాదు నుంచి రావాల్సిన ఆరబెట్టే మిషన్లకి
రోజుకి తొంభై లీటర్ల డీజిలు.
ఆమె అడిగింది నాలుగు బస్తాల కుంకుళ్ళు,
అరడజను గుండిగలు,
పడమటి గాలికి రెండు వైపులా తీసిన తలుపులు.
ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు దిగారు,
కూలి ముందే ఖరారు చేసుకుని.

ఫాల్స్ సీలింగు అట్టముద్దై కూలింది.
దాని వెనక తాతలనాటి టేకు దూలం
ఏమీ ఎరగనట్టు ఉంది.
పుట్టీ పూసిన గోడ పెచ్చులూడింది.
పూయని సున్నం గోడ
నీళ్ళు తాగింది, మెల్లగా వదిలేసింది.
రాజుగారు దాన్నే తడుముతూ నిలబడ్డారు.
"పుట్టీకి రెండు లక్షలయిందండీ."

తొమ్మిదో రోజు మళ్ళీ వెళ్ళాను, ఎవరూ రమ్మనకుండానే.
వీధి పొడుగునా తాళ్ళు, తాళ్ళ మీద తెలుపు.
నిజం చెప్పాలి, మూడోవంతుకి మరక పోలేదు.
దీవెనమ్మ వాటిని తేయాకు డికాక్షన్లో ముంచింది.
అన్నిటికీ కొత్త గోదారి రంగొచ్చింది,
మరకేదో లేసేదో ఇక తెలీదు.
చివికిపోయినవి కొన్ని
బొప్పాయి నర్సరీలో మొక్కలకి నీడయ్యాయి.
బేరగాడు మొహం చిట్లించి, ధర తగ్గించి, తీసుకున్నాడు.

నష్టం నూట అరవై కేజీలకి దిగింది.
మిగిలినవి బిల్లులు: కుంకుళ్ళు, కట్టెలు, తాళ్ళు, కూలి.
వాటికి ఫారంలో గడి లేదు.
ఆఫీసు రెండుసార్లు తిప్పి పంపింది,
"ఉతికిన ఖర్చు నష్టమెలా అవుతుంది?"

మూడోసారి మార్జిన్లో రాశాను, చిన్న అక్షరాలతో:
కాలవలోకి పోనిది
తొమ్మిది వందల నలభై కేజీలు.

జవాబు ఇంకా రాలేదు.
ఈ ఏడు రెండో వరద మాత్రం వచ్చింది.
రాజోలు దగ్గర కొబ్బరిపీచు మిల్లు,
నీళ్ళు ఇవాళే తీస్తున్నాయట.
మూడో రోజుదాకా ఆగకుండా
బయల్దేరుతున్నాను.